మూడు దారాల మిషను ఎంచిపెట్టిన మనిషి

మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కుట్టు మిషను పెట్టుకుని బతికిన ఆమె పోయిన బుధవారం చనిపోయింది. ఆ కబురు నాకు లిఫ్టులో తెలిసింది. చెప్పింది మా అసోసియేషన్ సెక్రటరీ గారు. "కింద కుట్టేదే, ఆమె పోయిందటండీ, పాపం. అన్నట్టు రేపు ట్యాంకు కడుగుతారు, నీళ్ళు పట్టుకోండి" అన్నారు. ఆమెకో వాక్యం, ట్యాంకుకో వాక్యం. సమన్యాయం. నా నోటి మీద నాకే నమ్మకం లేక మొదటి అంతస్తులోనే దిగిపోయి, మిగతా రెండూ మెట్లెక్కాను. మోకాళ్ళు నన్ను తిట్టుకున్నాయి. ఆయన్ని నేను తిట్టడం కంటే అది నయం.

ఆమె నాకు అరవై మూడో ఏట దొరికిన గురువు. పాలమూరు వైపు మనిషి. భర్త గచ్చిబౌలిలో ఏదో ఆఫీసు ముందు సెక్యూరిటీ. జనరేటరుకీ స్తంభానికీ మధ్య ఒక మిషను, ఒక బల్బు, ఒక ప్లగ్గు, అదీ ఆమె సామ్రాజ్యం. పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులుండేవి. అందుకని ఆమె మంచి మాటలన్నీ పళ్ళ సందుల్లోంచే వచ్చేవి. ఎవరైనా "కొంచెం అర్జెంటమ్మా" అంటే, "అర్జెంటయితే రెడీమేడ్ కొనుక్కోండ్రి" అనేది, తల ఎత్తకుండా.

రిటైరయ్యాక నేను మనవరాలికి ఫ్రాకులు కుట్టడం మొదలుపెట్టాను. పైకి బాగానే ఉండేవి. లోపల అంచులు పోగులు లేచి, పిల్ల "అమ్మమ్మా, గుచ్చుకుంటోంది" అని అరగంటలో విప్పేసేది. అంచు కత్తిరిస్తూనే చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనాలనుకున్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని కదా, ఏ మిషనుకి ఎన్ని దారాలు, ఎంత వేగం, ఎంత బరువు అని గళ్ళు గీసి పట్టిక రాసుకుని ఆమెకు చూపించాను.

"ఏందమ్మా ఇది, పెండ్లి సంబంధమా?"

"అలాంటిదే అనుకో."

"మరి పిల్లగాన్ని చూడకుండనే జాతకాలు చూస్తున్నరేంది?"

మర్నాడు ఒక మూట కట్టుకుని నాతో బస్సెక్కింది. మూటలో మూడే ముక్కలు: పాత నూలు చీర చెంగు, చేతిలో నిలవని జార్జెట్టు, చిరిగిన బనీను. కూకట్‌పల్లి దుకాణంలో అబ్బాయి తెల్లగా మెరిసే నాలుగు దారాల మిషను ముందు పెట్టి, "మేడమ్, లేటెస్టు" అన్నాడు. అది నిజంగానే అందంగా ఉంది. నేను పర్సు మీద చెయ్యి కూడా వేశాను. ఆమె ముందుకు వంగి, కత్తెరతో నాలుగు దారాలూ టకటకా తెంపేసింది.

"అమ్మా! ఏంటిది?" అని అరిచాడు అబ్బాయి.

"ఏం లే బిడ్డా. మళ్ళ ఎక్కియ్యి."

ఆ అబ్బాయి దారం పట్టి లాగే చిమటా తెచ్చుకున్నాడు. టార్చి తెచ్చుకున్నాడు. చివరికి లోపల్నుంచి ఓనరు కూడా వచ్చాడు. మేము టీ తాగాం. "నీకే గింతసేపయితే అమ్మ ఎప్పుడు ఎక్కియ్యాలె?" అని వాణ్ణి అడిగి, నా వైపు తిరిగింది. "దారం తెగనంతసేపు అన్ని మిషన్లు మంచియే అమ్మా. తెగినంక చూడాలె."

తర్వాత మూలనున్న మూడు దారాల మిషను తీయించింది. చూడ్డానికి మా స్కూలు గంటలా ఉంది. దానికి నా చేతే దారం ఎక్కించింది, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడు ముక్కలూ నడిపించింది. బనీను ముక్క అలలు పోతే ఒక మీట తిప్పి సాపు చేసి చూపించింది. కత్తి అరిగితే ఎక్కడ దొరుకుతుందో అడిగి, వాడు చూపించేదాకా కదల్లేదు. "ఇంట్ల ఫ్రాకులకు మూడు దారాలు సాలు. నాలుగోది బనీన్లు అతికెటోళ్లకు" అని తేల్చేసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాత్రం కాస్త గంభీరంగా చెప్పింది: "మీ పాత మిషన్ల కుట్టు తప్పితే ఇప్పుకుంటరు. ఇది కోసుకుంట కుడ్తది. కోసినంక ఇప్పేదేం లేదు. జర చూస్కొని తొక్కుండ్రి."

ఆ మరుసటి ఏడాది రోడ్లన్నీ తెలంగాణ ఉద్యమమే. బంద్‌లు, రాస్తారోకోలు, కదలని ఆఫీసు బస్సులు. మియాపూర్ డిపో దగ్గరి దీక్షా శిబిరానికి జెండాలు కావాలంటే ఆమె సెల్లార్‌లో కూర్చుని కుట్టింది. మా ఫ్లాట్లలో ఎక్కువమందిమి కోస్తా వాళ్ళం. జెండా అనే మాట ఎవరూ ఎత్తలేదు, పెద్దమనుషులం కదా. "సెల్లార్‌లో వ్యాపారం వలన నివాసితులకు అసౌకర్యం" అని ఒక కాగితం తిరిగింది. ముప్పై ఆరు ఫ్లాట్లు సంతకం పెట్టాయి. పెట్టిన ఆడవాళ్ళందరి ఒంటి మీదా ఆమె కుట్టిన జాకెట్లే.

నేనూ పెట్టాను. ఆ పొద్దున కూరగాయల బండి దగ్గర ఎవడో "మీ ఊరికెప్పుడు పోతరు?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి నీళ్ళు తాగుతున్న నేను, అంత నోరున్న నేను, కూరలు సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆ కోపాన్ని ఇంటికి మోసుకొచ్చి కాగితం మీద దించాను. చదవకుండా పెట్టానని మీకు చెప్పాలని ఉంది. చదివే పెట్టాను. పిల్లలకు చెప్పినట్టే, రెండుసార్లు చదివి.

మర్నాడు ఆమె నూనె డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. అది నా మిషను శుభ్రం చేసే రోజు.

"మీరు గూడ పెట్టిండ్రట."

"పెట్టాను."

"మంచిగనే పెట్టి ఉంటరు. టీచరమ్మ అక్షరం గద."

కత్తి కింద పేరుకున్న దూది అంతా బ్రష్షుతో తీసింది. నూనె చుక్కలు వేసింది. పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి చూసింది. నేను సిగ్గుతో, "మా హాల్లో పెట్టుకుని కుట్టుకోరాదూ" అన్నాను.

"ఒద్దమ్మా. ఇంట్ల గూడ సంతకాలు ఉంటయి" అని డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

సెల్లార్ ఖాళీ చేసి, రోడ్డు పక్క రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుంది. మే నెలలో వెళ్తే, "ఇస్త్రీ పెట్టెకు సెలవిచ్చిన అమ్మా, రేకులే చేస్తున్నయి" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఇంటికొచ్చి ఏసీ వేసుకున్నాను. బుధవారం మధ్యాహ్నం కుడుతూ కుడుతూ మిషను మీదికే ఒరిగిపోయిందని ఆమె భర్త చెప్పాడు. దవాఖానలో డాక్టరు వడదెబ్బ అన్నాడట. ముప్పై ఆరు సంతకాలు అని రాసి ఉంటే ఇంకా కచ్చితంగా ఉండేది. సెక్రటరీని తిడదామంటే ఆయన రాసింది ఒక్క కాగితమే. దానికి చెయ్యెత్తినవాళ్ళం మేము. ఎవరు ఏ జెండా మీద కోపగించుకున్నా ఎండ మాత్రం ఆమె ఒక్కతి నెత్తిన పడింది.

నిన్న సెల్లార్‌లోకి దిగాను. జనరేటరుకీ స్తంభానికీ మధ్య ఇప్పుడు సెక్రటరీ గారి కారు ఉంది. ఆమె కూర్చున్న చోట గోడకి ఈమధ్యే మూడో పూత సున్నం కొట్టించారు. ఆరీ ఆరగానే, ఆమె నీలం స్కెచ్ పెన్నుతో రాసుకున్న కొలతలన్నీ మళ్ళీ పైకి వచ్చేశాయి. ఫ్లాటు నంబరు, ఛాతీ, నడుము, జబ్బ. మా ముప్పై ఆరు ఇళ్ళ ఆడవాళ్ళమూ వరసగా గోడ మీద నిలబడి ఉన్నాం. నా నంబరు పక్కన గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "టీచరమ్మకు ఎడమ బుజం జర కిందికి. తెల్వకుంట కుట్టాలె."