పాకం దగ్గర ఆ తల్లి చేతులు

చోడవరంలో మా పక్క పొలంలోనే కాపురముండే ఆ తల్లి, కూతుర్ని బడికి పంపకుండా ఇంటిపనుల్లోనూ సేద్యంలోనూ చదువు చెప్పేది. పిల్ల ఏ పని చేస్తున్నా తల్లి తన చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో మణికట్టు బిగించి పట్టుకునేది. ఎక్కడ సాయం చేసేస్తానోనని భయం.

ఒకరోజు బెల్లం వండుతున్నారు. పాకం ఎప్పుడు దింపాలో పిల్లే చెప్పాలంది తల్లి. ఆమె మామ మండిపడ్డాడు.

"ఏటే కోడలా! పెనంలో బెల్లం సెడిందంటే రేపే దీన్ని హాస్టల్లో పడేస్తాను, సూడు!"

నాకు ఒళ్ళు మండింది. బడికెళ్ళొచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో పాకం మాడ్చలేదా?

పిల్ల చన్నీళ్ళలో పాకం చుక్క వేసి చూసి, "దింపెయ్యండి!" అని పనివాళ్ళకు కేకేసింది. చుక్క ఇంకా ఉండకట్టలేదని నాకూ కనిపించింది, తల్లికీ కనిపించింది. మణికట్టు బిగించిన ఆమె వేళ్ళు తెల్లబడ్డాయిగానీ పట్టు వదల్లేదు. బెల్లం గట్టిపడలేదు.

"తొందరపడిపోయేను తాతా. రేపు మళ్ళీ నేనే సూస్తాను."

"రేపు నువ్వు హాస్టల్లో ఉంటావు."

తల్లి నా దగ్గరకొచ్చింది. "బాబాయ్, మీరూ బడికెళ్ళలేదు కదా. దీన్ని నేను పాడుసేస్తన్నానా? సెప్పండి."

ఊరందరికీ బుద్ధులు చెప్పే నోరు నాది. ఒంటరిగా అక్షరాలు దిద్దుకున్న రోజుల్లో, "ఇది తప్పురా" అని చెప్పే మనిషి కోసం ఎంత అల్లాడానో గుర్తొచ్చింది. ఇందాక ఆ చుక్క చూసి కూడా, పిల్లకి నేనూ ఆ మాట చెప్పలేదు.