తలమీది యంత్రాన్నీ నమ్మలేదు, చుట్టూ ఉన్న మనుషుల్నీ నమ్మలేదు

పొద్దున కత్తెర పట్టుకుని కూర్చున్నాను, జాకెట్టు గుడ్డ ఎక్కడ కత్తిరించాలో తెలియలేదు. కనిగిరిలో పదిహేనేళ్లుగా చేస్తున్న పని అది. మధ్యాహ్నం మావారు బాషా భోజనానికి వచ్చేసరికి కూడా అలాగే ఉన్నాను. అంతకు రెండు నెలల ముందు నిద్ర మానేసి, అడగని వాళ్లకు కూడా కుట్టి ఇచ్చాను. అప్పుడు అందరూ హుషారనుకున్నారు.

గుంటూరులో డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష చేయించి, "బైపోలార్ డిజార్డర్, అంటే అతిహుషారూ దిగులూ మారిమారి వచ్చే జబ్బు" అన్నారు. లిథియం మాత్రలు వాడినా ఆర్నెల్లకీ దిగులు పోలేదు.

"మందు ఆపకుండానే ఆర్‌టీఎంఎస్ చేద్దాం. అయస్కాంతంతో మెదడుకి స్టిమ్యులేషన్, అంటే ఉత్తేజం, ఇస్తాం. దాంతోపాటు, మీలాంటివాళ్లంతా కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూప్ థెరపీ కూడా" అన్నారు.

"కరెంటు షాకా మేడం?"

"కాదమ్మా. మత్తు కూడా ఇవ్వం."

నమ్మలేదు. నా తలలో ఉన్నదంతా తెలుసుకుని మావారికి చెబుతారనుకున్నాను. అయినా గుంటూరులో ఆడపడుచు ఇంట్లో ఉండి రోజూ వెళ్లాను. కుట్టుమిషను సూది తలమీదే పడుతున్నట్టు ఆ యంత్రం టకటకమనేది.

గ్రూపులో ఏడుగురం. దాన్ని నడిపే కౌన్సిలరమ్మ ఏదో రాసుకుంటుంటే నేను ఆ పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాను. దాచేపల్లి వైపు మిర్చి రైతు వెంకటేశ్వర్లు గారే అడిగేశారు. "ఏం రాస్తన్నారమ్మా? మావోళ్లకి చూపిస్తారా?"

ఆమె పుస్తకం మా ముందుకు జరిపింది. ఎవరెంత నిద్రపోయారో ఉంది, అంతే. ఇంకో పుస్తకం ఉంటుందిలే అనుకున్నాను.

మూడో వారానికి తేలికపడ్డాను. నాలుగో వారం, మందులు మానేస్తానని, పెద్ద షాపు పెడతానని గ్రూపులో గబగబా చెప్పాను.

"రాత్రి ఎంతసేపు పడుకున్నావమ్మా?" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

"మూడు గంటలు. చాలు నాకు."

"నేనూ అట్టాగే అనుకున్నా. కాపు మీదున్న తోట దున్నించేశా."

ఒళ్లు మండింది. ఆరోజు నన్ను చూడటానికి వచ్చి బయట కూర్చున్న బాషాయే ఆయనకు నేర్పాడనుకుని, బయటికొచ్చి నిలదీశాను.

"ఆయన పేరు కూడా తెలీదు నాకు" అన్నాడు బాషా.

కౌన్సిలరమ్మ నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. "హైపోమేనియా, అంటే అతిహుషారు, మొదలవుతోంది" అని ఆవిడ స్టిమ్యులేషన్ ఆపారు. రక్తంలో లిథియం లెవెల్ చూసి మోతాదు మార్చారు, నిద్రకు మందిచ్చారు. ఆసుపత్రిలో చేరకుండానే రెండు వారాలకు సర్దుకుంది.

ఇప్పుడు మళ్లీ కుడుతున్నాను. మందులు వాడుతూ, నెలకు రెండుసార్లు గ్రూపుకి వెళ్తున్నాను. దిగులు చాలావరకు తగ్గింది. యంత్రం వల్లో, మనుషుల వల్లో చెప్పలేను. మనసు బాగా తేలికగా ఉన్న రోజున, మళ్లీ అతిహుషారు మొదలైందేమోనని నాకింకా అనుమానమే.

ఈ చికిత్సకు వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మందు మానేయాలనిపించిన రోజున, ముందురాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో మీ డాక్టరుకు చెప్పండి. చెప్పబుద్ధి కాకపోతే మరీ ముఖ్యంగా చెప్పండి.