తాడు బయట పరుగు

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాణ్ణి. ఏటా జరిగే రేవు ఆటల్లో కూలీల పరుగు పందెం వరసగా మూడేళ్లు నాదే. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి అందరికీ చెప్పేవాణ్ణి.

ఆ ఏడు మరమ్మతుకు ఆగిన అమెరికా ఓడలో ఒక నల్లజాతి మనిషి ఉండేవాడు. ఓడలో బొగ్గు వేసే పని. వాళ్ల దేశంలో పరుగు, ఈత, కుస్తీ, బంతాట, దేంట్లో దిగినా గెలిచేవాడట. అయినా తెల్లవాళ్ల జట్లలోకి మాత్రం రానివ్వలేదట. కాస్త ఇంగ్లీషు వచ్చిన మా మేస్త్రి ఇదంతా మాకు చెప్పాడు.

ఆటల రోజు అతను తిన్నగా తెల్లవాళ్ల బల్ల దగ్గరికెళ్లి తన పేరు రాసుకోమన్నాడు. బల్ల వెనక దొర కాగితం చూపించాడు. యూరోపియన్లకూ అమెరికన్లకూ మాత్రమేనట.

"నేను అమెరికావాణ్ణే," అన్నాడు అతను.

దొర కాగితం చూశాడు, అతన్ని చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. అందులో రంగు మాట ఎక్కడా లేదు. చివరికి మావైపు చెయ్యి చూపించాడు.

మేస్త్రి నా దగ్గరికొచ్చాడు. "ఒరే, ఈ బావు మనతోటి పరిగెడతాడంట."

"మనతోటేటి మేస్త్రీ? ఆల్ల పందెం ఆల్లకుంది కదా!"

"ఆల్లు రానీలేదురా."

"అయితే నా గొడుగో?"

గెలిచిన తెల్లవాడికి వెండి కప్పు, గెలిచిన కూలీకి గొడుగు. అన్యాయం జరిగింది అతనికి, ఏడుపు వచ్చింది నాకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా పందెంలో నాకు కనబడింది అతని వీపు ఒక్కటే. అదీ కాసేపే. గొడుగు అందుకుని అతను నవ్వలేదు. తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టేసి, తెల్లవాళ్ల పందెం చోటు చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడ్డాడు.

తాడు లోపల తెల్లవాళ్ల పందెం మొదలవబోతోంది. తుపాకీ పేలింది. లోపల ఆరుగురు పరిగెత్తారు, బయట ఇతనొక్కడూ పరిగెత్తాడు. బయటి చుట్టు పెద్దది, పైగా నిండా జనం. "తప్పుకోండర్రా! బావు వస్తన్నాడు!" అని అరుస్తూ నేను దారి చేశాను. ఆడవాళ్లు గంపలు లాక్కున్నారు. వెనకాల ఒక పోలీసు ఈల ఊదుకుంటూ తరిమాడు.

లోపల మొదటివాడికంటే ముందే అతను చేరిపోయాడు.

"పోలీసోడు కూడా తక్కువోడు కాదర్రా!" అన్నాడు మేస్త్రి.

దొర మండిపడుతూ వచ్చాడు. "నేను తాడు దాటలేదు," అన్నాడు అతను. దొర తాడు వైపు చూశాడు. నిజమే, ఎక్కడా తెగలేదు, వంగలేదు. ఏ తప్పు కింద పట్టుకోవాలో తెలియక అతన్ని ఓడకు పొమ్మన్నాడు. కప్పు లోపలివాడికే ఇచ్చారు.

మర్నాడు సాయంత్రం అతను రేవు మీదకొచ్చాడు. కప్పు రానందుకు బాధగా లేదా అని మేస్త్రి చేత అడిగించాను. అతను నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడాడు.

"ఉందంట," అన్నాడు మేస్త్రి.

"అంతసేపు సెప్పింది అంతేనేటి?"

మేస్త్రి నది వైపు తిరిగాడు. "మిగతాది నాకు సెప్పడం రాదురా."

ఏం చెయ్యాలో తోచక ఇద్దర్నీ మొహింగా కొట్టుకు లాక్కెళ్లాను. అతను చేపల పులుసు పోసిన సేమ్యా మూడు గిన్నెలు తిన్నాడు. నేను రెండింటితో ఆగిపోయాను. అప్పుడు మొదటిసారి అతను పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.