వెనక్కి పోయిన నీళ్లు

మాది పెనుకొండ దగ్గర పల్లె. కిందటేడు నాయననూ, అవ్వనూ భీమిలి తీసుకెళ్లాను. ఇద్దరికీ సముద్రం చూడటం అదే మొదలు. మా ఊళ్లో ఎండ మాడుస్తుంది, అక్కడ ఉక్క ఉడికించింది. డచ్చివాళ్ల సమాధులు చూసి ఒడ్డుకు చేరేసరికి నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. నాయన చకచకా దిగువకు నడిచి, చల్లటి తడి ఇసుక మీద టార్పాలిన్ పరిచాడు.

"అంత కిందికెందుకు నాయనా?"

"ఏమ్మా, నీళ్ల సంగతి నాకు చెప్తాండావా? పుట్టినప్పట్నుంచీ చెరువు చూస్తాండా. వెనక్కి పోయిన నీళ్లు మళ్లీ యాడొస్తాయి?"

నిజమే అనిపించింది. చిత్రాన్నం తిని ముగ్గురమూ కునుకు తీశాం.

"లెగండి! పోటొచ్చేత్తంది!" అని చేపలమ్మే ఆవిడ అరిచిన అరుపుకు కళ్లు తెరిచాను. అంతలోనే ఒక కెరటం మా మీదుగా వచ్చి చెప్పులనూ, క్యారియర్‌నూ, నాయన తువ్వాలునూ ఊడ్చుకుపోయింది. అవ్వను రెక్క పట్టి లాగితే ఆమె కదలదే! నీళ్లలోనే కూర్చుని చప్పట్లు కొడుతోంది.

"ఒరే, చెరువు నిండిందిరా!"

ఒడ్డున ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వులు. నాయన ఆమెను ఎత్తుకుని గట్టెక్కాడు.

ఈ ఏడు మా చెరువులో చుక్క నీరు లేదు. అందులో గొర్రెలు మేపడానికి దిగేటప్పుడు నాయన సద్దిమూట మాత్రం కట్ట మీదే పెట్టిపోతున్నాడు. ఎందుకని అడిగితే సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఏమోలేమ్మా. వచ్చినా వస్తాయి."

— రమాదేవి, పెనుకొండ