సింగపూర్‌లో పన్నెండు స్వరాల బంతి

తెనాలిలో రైలెక్కేటప్పుడు నా సంచిలో మూడు రకాల పచ్చళ్ళు, ఒక స్వెటరు, ఫోనులో తంబుర యాప్ ఉన్నాయి. పచ్చళ్ళు మా అక్క అడిగింది. సింగపూర్ రైళ్ళలో ఏసీ ఎముకలు కొరికేస్తుందని స్వెటరు సంగతి పక్కింటావిడ చెప్పింది. తంబుర మాత్రం నా సొంత తెలివి. కొంప ముంచింది అదే.

ఈ ప్రయాణం మా అక్క కూతురు లహరి కోసం. పుట్టి పెరిగింది సింగపూర్‌లోనే అయినా సంగీతం నా దగ్గరే మొదలుపెట్టింది. సెలవులకి తెనాలి వస్తే ఎదురుగా, మిగతా రోజుల్లో వీడియో కాల్‌లో. నేను పాడాలి, అది అప్పజెప్పాలి. ఒక్క స్వరం తప్పితే మళ్ళీ మొదటినుంచి. అలా కొన్నేళ్ళు నా చేత చీవాట్లు తిన్నాక, పాశ్చాత్య సంగీతం రాయడం నేర్చుకుంటానని అక్కడి కాలేజీలో చేరిపోయింది. ఇప్పుడు ఆఖరి పరీక్ష. తను రాసినదాన్ని ముగ్గురు హాల్లో వాయిస్తారు, ఆ రికార్డింగుకే మార్కులు. "పిన్నీ, నువ్వు వచ్చి వినాలి. అమ్మకి అర్థం కాదు, నీకవుతుంది" అంది. అంతమాట అన్నాక టికెట్టు కొనకుండా ఎలా ఉంటాను?

చెన్నైలో విమానం ఎక్కి, పొద్దున్నే సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగాను. వెళ్ళేవాళ్ళు గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోండి, లేకపోతే నాలాగా టిఫిను వేళకి భోజనం పెడుతున్నారని గొణుక్కుంటారు. హౌగాంగ్‌లో మా అక్క వాళ్ళ ఫ్లాటు. మధ్యాహ్నం లహరి నన్ను కింద హాకర్ సెంటర్‌కి, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, తీసుకెళ్ళింది. ముందుగా ఒక బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం పెట్టి, తిండి తేవడానికి వెళ్ళిపోయింది. దీన్ని చోప్ చేయడం అంటారట. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేయడమే, కాకపోతే ఇక్కడ ఎవరూ తువ్వాలు తీసి పక్కన పడేయరు.

కూరగాయలతో వేయించిన బియ్యపు సేమ్యా తింటూ దాని సంగీతం గురించి అడిగాను.

"మనకి స ఉంది కదా పిన్నీ, ఎక్కడ తిరిగినా అక్కడికే రావాలి. వెస్టర్న్‌లో కూడా అంతే ఉండేది. తర్వాత బయటి స్వరాలు పెట్టీ పెట్టీ, హోమ్ ఏదో తెలియకుండా పోయింది. నూరేళ్ళ కిందట వియన్నాలో కొందరు అసలు హోమే వద్దనేశారు."

"మరి పాట ఎక్కడ ఆగుతుందే?"

"అదే ప్రాబ్లమ్ లా!" అంది, సింగపూర్‌వాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర లా తగిలించి. "కొన్నేళ్ళు అలాగే రాశారు గానీ, పెద్దవి రాయడం కష్టమైంది. అప్పుడు ఒక రూల్ వచ్చింది. పన్నెండు స్వరాలకీ ఒక వరస. పన్నెండూ అయ్యేదాకా ఏదీ మళ్ళీ రాకూడదు. ఆల్ ఈక్వల్. కావాలంటే ఆ వరసని వెనకనుంచి వాయించు, తలకిందులు చెయ్యి, అంతే."

నాకు టక్కున వెలిగింది. ఇది బంతి భోజనం. బంతిలో అందరికీ వడ్డించేదాకా ఎవరికీ మారు వడ్డించకూడదు. "బానే ఉంది, మరి పెళ్ళికొడుకు ఎవరే?" అన్నాను.

"ఎవరూ లేరు. అందరూ భోజనానికి వచ్చినవాళ్ళే. తర్వాత కొంతమంది, స్వరం ఎంతసేపు ఉండాలి, ఎంత గట్టిగా ఉండాలి, దానికి కూడా వరస పెట్టేశారు."

"నెయ్యి కూడా కొలిచి పోశారన్నమాట."

శనివారం మధ్యాహ్నం కచేరీకి బయల్దేరాం. అక్కకి డ్యూటీ పడింది, రాలేదు. హౌగాంగ్ నుంచి హాలున్న జురాంగ్ ఈస్ట్‌కి రెండుచోట్ల రైలు మారాలి. బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు, టికెట్టు అక్కర్లేదు. షిప్‌యార్డులో పనిచేసే శ్రీకాకుళం ఆయనొకడు రైల్లో మా తెలుగు విని పలకరించాడు.

"కచేరీకాండి ఆంటీ? మన పాటలుంటాయా?"

"పాటలుండవు నాయనా. స్వరాలుంటాయి. ఒక్కోటీ ఒక్కసారే వస్తుంది."

ఆయన ఒక స్టేషను దాటేదాకా ఆలోచించాడు. "పొదుపుగా వాయిస్తారన్నమాట" అన్నాడు.

హాలు చిన్నదే. లహరి ముందు వరసలో వాళ్ళ మాస్టారి పక్కన కూర్చుంది. నేను రెండో వరసలో చేతిరుమాలు వేసి సీటు చోప్ చేసి, మంచినీళ్ళు తాగొచ్చాను. వయొలిన్, చెల్లో, క్లారినెట్ మొదలయ్యాయి. నా చెవులు వెంటనే స కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఎక్కడా కాలు ఆనదు. ఇదిగో స అనుకునేసరికి జారిపోతుంది. శ్రుతి తల్లి, లయ తండ్రి అని నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, తల్లి లేని బిడ్డని చూస్తూ ఎలా ఊరుకుంటాను? మెల్లగా ఫోనులో తంబుర పెట్టి, ఇయర్‌ఫోను ఒకటి చెవిలో దోపుకుని, కొంగు కప్పుకున్నాను.

ప్రాణం లేచొచ్చింది! ఇది ప్రతిమధ్యమం, అది చతుశ్రుతి ధైవతం అని ఒక్కొక్కరూ పేరుపేరునా కనిపిస్తున్నారు. వయొలిన్ సన్నగా ఒక గాంధారం పలికేసరికి, ఆహా అని చెయ్యెత్తాను. గాజుకి వైరు చిక్కుకుని ఊడిపోయింది.

ఐదున్నర శ్రుతిలో స, ప, స అంటూ తంబుర హాలంతా మోగింది. క్లారినెట్ అబ్బాయి పాపం ఎంతసేపటినుంచి ఆకలితో ఉన్నాడో, పంచమం మీద వాలి అక్కడే కూర్చున్నాడు. నా పక్కనున్న చైనా పెద్దాయన సంతోషంగా వంగి, ఎలక్ట్రానిక్స్ కూడా వాడారే, చాలా బావుందని మెచ్చుకున్నాడు. చెమటపట్టిన వేళ్ళకి ఫోను తెరుచుకోలేదు. ఏం చేయాలో తోచక దానిమీద కూర్చున్నాను. తంబుర నూతిలోంచి వస్తున్నట్టు మోగుతూనే ఉంది.

లహరి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపుకి సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు చెయ్యెత్తి వాయిద్యాలు ఆపించి, ఇంగ్లీషులో అన్నాడు: మళ్ళీ మొదటినుంచి. హాలు ఇంకొక్కసారికే ఉందని, ఇది చెడితే ఈ ఏడాదికి పరీక్ష లేనట్టేనని కూడా అన్నాడు.

ఫోను బయట తలుపు దగ్గరున్న అమ్మాయికి అప్పగించి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఈసారి పట్టుకోవడానికి ఏమీ లేదు. లేకపోయేసరికి చచ్చినట్టు విన్నాను. ఎవరూ ఎవరికోసమూ ఆగడం లేదు, ఎవరూ ఎవరినీ తోసుకోవడం లేదు. చివరికి వయొలిన్ సకి ఒక్క మెట్టు కిందుండే కాకలి నిషాదం మీదకొచ్చి ఆగిపోయింది. గుమ్మం దాకా తీసుకొచ్చి తలుపు వేసేసినట్టయింది. నా నోటిదాకా స వచ్చేసింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రికార్డింగు దక్కింది గానీ, లహరి నాతో మాట మానేసింది. మర్నాడు నేనే వెళ్ళాను. "ఏం చేస్తే మాట్లాడతావే?"

"అప్పజెప్పు" అంది. "నా వరస. ట్వెల్వ్ నోట్స్. ఒక్కటి తప్పితే మళ్ళీ మొదటినుంచి. ఫ్లైట్ ఎక్కేలోగా."

నేర్పిన విద్య నా మీదికే వచ్చింది. ఉల్లిపాయలు తరుగుతూ పాడాను, లిఫ్టులో పాడాను. పదకొండు బాగానే వస్తాయి. పన్నెండోది నిషాదం. అక్కడికి రాగానే నా గొంతు ఊరుకోదు, వెనకాలే ఒక స తగిలిస్తుంది.

"థర్టీన్, పిన్నీ. స మూడో ప్లేస్‌లో తినేసి వెళ్ళిపోయింది."

"నిషాదం మీద ఎవరైనా ఆపుతారటే? అక్కడే ఎందుకు ఆపావు?"

"నీ వల్లే లా! చిన్నప్పుడు స కోసం పరిగెడితే చెయ్యి అడ్డం పెట్టేదానివి. 'నిషాదం మీద నిలబడవే, స ఎక్కడికీ పోదు' అని. సో, నిలబడ్డాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది నన్ను వదిలేసి వెళ్ళిపోయిందని ఇన్నాళ్ళూ లోపల ఏడుస్తున్నాను. నా మాట పట్టుకునే అక్కడ నిలబడి ఉంది. ఉల్లిపాయల మీద నెపం పెట్టి ముక్కు చీదుకున్నాను.

చాంగీలో లోపలికి వెళ్ళే గేటు ముందు, లహరి అచ్చం నాలాగే తల పక్కకి వంచి నిలుచుంది. సామాన్ల బండి పట్టుకుని పాడాను. పదకొండు. నిషాదం. నోరు గట్టిగా మూసేశాను. వెనకనున్న వాళ్ళు ఏదో నొప్పి అనుకున్నారు.

"పాస్" అని నా మెడ చుట్టూ చేతులు వేసింది.

విమానంలో నాకు తెలియకుండానే అదే వరస కూనిరాగం తీస్తున్నాను. పక్కసీటు నెల్లూరు పెద్దాయన అడిగాడు. "ఏం రాగమమ్మా?"

"మా లహరిదండీ."

"ఇంకా ఏదో మిగిలినట్టుందే."

"లేదండీ, అంతే" అన్నాను గర్వంగా.

చెన్నై దాకా నిగ్రహించుకున్నాను. చక్రాలు నేలకి తగిలి విమానమంతా హోరుమన్నప్పుడు, ఆ మోతలో ఎవరికీ వినపడదని, ఒక్క స పాడేసుకున్నాను.