ఒక్క ఎర్రపోగు చూసే పర్శరాములు

మా హుస్నాబాద్ మరమగ్గాల షెడ్డుకు పర్శరాములు కావలి. షెడ్డు బట్టలన్నిటికీ అంచుల ఓ ఎర్రపోగు పెట్టి నేస్తం. పొద్దుమీకి ఇంటికి పోయేటోళ్ల సంచులల్ల ఆ పోగు కనబడితేనే ఆపుతడు, ఇంకేం చూడడు. ఒకడు ఎర్రపోగుకు బదులు పసుపు పోగు పెట్టి నేసి, మూడు తాన్ల బట్ట ఆయన ముందటికెళ్లే దొంగతనంగ కొండవోయిండు.

అయినా పొగరు తగ్గలే. "కరోనా నాకోసారి వచ్చింది. నా పెయ్యి దాన్ని గుర్తువట్టింది, ఇగ రాదు" అని మాస్కులు పెట్టుకున్న మమ్ముల ఎక్కిరిచ్చిండు. మళ్ల ఏడాదే వచ్చి, వారం రోజులు మంచంల పడ్డడు.

లేచినంక నర్సు గ్రేసమ్మను అడిగిండు, ఎట్లొచ్చిందని.

"వైరస్ సోకిన కణం మీద దాని ముక్కలు కనబడుతయి. ఒంట్ల కావలి కాసే టీ కణాలు వాటిని చూసే పట్టుకుంటయి. వైరస్ మారి ఓ ముక్క మారితే, పాత ముక్కను ఎరిగిన టీ కణం పట్టుకోదు" అన్నది ఆమె.

"మరి నేనెట్ల బతికిన?"

"అన్ని టీ కణాలూ ఒక్క ముక్కనే చూడయి. మిగతా ముక్కలను ఎరిగినయి పట్టుకున్నయి."

"చూసిన్రా, నా టీ కణాలు!" అని రొమ్ము విరిచిండు.

"వాటికి నీ తెలివి రాలే, బతికినవ్" అన్న నేను. "వస్తే నీ దినాలు ఎప్పుడో అయిపోయేటియి."