వంటవాడు తినని మామిడికాయ పప్పు

ఇటు జరిగి కూర్చోండి, వెనకవాళ్లకు వినబడదు. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చెవి మాత్రం నాకివ్వండి. నేను చెప్పేది తుపాకుల కథ కాదు, పప్పు కథ. కానీ ఆ పూట నా గుండె కొట్టుకున్నట్టు తుపాకి మోతకు కూడా ఎప్పుడూ కొట్టుకోలేదు.

1988, ఎండలు ముదురుతున్న రోజులు. మన పటాలాలు శాంతిసేనగా సముద్రం దాటి శ్రీలంక ఉత్తరపు కొసన ఉన్నాయి. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. మణుగూరు అవతల అడవి అంచున మా కోయగూడెం. సైన్యంలో నా కొలువు కుక్, అంటే వంటవాణ్ణి. అక్కడ వంటశాలను లంగర్ అంటారు. మా పోస్ట్, అంటే నలభై మంది జవాన్లు కాపలా ఉండే చోటు, ఖాళీ అయిన ఒక బడి. చుట్టూ ఇసుక బస్తాల గోడ, దాని అవతల కనుచూపు మేర తాటిచెట్లు. మొదటిరోజు ఆ చెట్లను చూసి లారీలోంచే అరిచాను, "అరె, ఇది మన భద్రాచలం తొవ్వనే గదరా!" అని. పక్కనున్న ఎవరికీ తెలుగు రాదు. అయినా నవ్వారు.

తెల్లారకముందే అందరూ బూట్లేసుకుని బస్తాల వెనక నిలబడాలి. దాన్ని స్టాండ్-టు అంటారు. పొద్దు పొడిచాక నా చాయ్ బకెట్ తిరుగుతుంది. తర్వాత కొందరు రోడ్డు మీద మందుపాతరలు వెతకడానికి, కొందరు నీళ్లకు పోతారు. మిగిలినవాళ్లు బస్తాలు నింపుతారు, బట్టలు ఉతుక్కుంటారు. సాయంత్రం రెండు తాటిచెట్లకు వల కట్టి వాలీబాల్. ఉత్తరాల సంచి వచ్చిన రోజు మాత్రం ఆట ఉండదు. తలా ఒక మూలకు పోయి, చదివిందే మళ్లీ చదువుకుంటారు.

ఆ నెలలో దారిలో కల్వర్టు కూలింది. రేషన్ లారీలు ఆగిపోయాయి. తొమ్మిది రోజులు కూరగాయ అన్నది కంటికి కనబడలేదు. కందిపప్పు, బియ్యం, రేకు డబ్బాల కూర, అంతే. మా సిగ్నల్‌మన్, అంటే వైర్‌లెస్ చూసుకునేవాడు, మదురై వైపు కుర్రాడు, నన్ను ఆటపట్టించేవాడు. వాళ్ల హిందీని నేను మా ఊరి మాటలోనే చెబుతాను, ఏమీ అనుకోకండి.

"అన్నా, డబ్బా కూర తిని తిని నా పొట్ట మీద కొడితే టంగుమంటాంది, ఇను జర!"

పదో రోజు పొద్దున గేటు దగ్గరికి ఒక ముసలావిడ వచ్చింది. ఎదురు తోటలో ఉండేది. అందరూ ఆచ్చి అనేవాళ్లు, అంటే అవ్వ అని. నెత్తిన గంపెడు పచ్చి మామిడికాయలు! నీళ్లకు ఖాళీ నూనె డబ్బాలు ఇస్తే కాయలు ఇస్తానంది. సుబేదార్ సాబ్‌ను అడిగాను. మా పోస్టుకు ఆయనే పెద్ద. గఢ్వాల్ కొండల మనిషి, నెరిసిన మీసం, గట్టి గొంతు. "తీస్కో, జల్దీ వండు" అన్నాడు.

నా చేతులకు రెక్కలు వచ్చాయి. కాయలు చెక్కాను, పప్పు ఉడికించాను, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టాను. ఆ వాసనకు బస్తాలు నింపేవాళ్లు పారలు పడేసి వచ్చారు. ఇంకా గంట కొట్టనే లేదు, ముప్పై దాకా పళ్లేలు వరసలో నిలబడ్డాయి. పళ్లేల మీద స్పూన్లతో దరువు.

బయటి నుంచి వచ్చిన వస్తువు ఏది వండినా ముందు వంటవాడే తినాలి, సుబేదార్ సాబ్ చూడాలి, ఆ తర్వాతే వడ్డన. పరాయి గడ్డ కదా, విషం భయం. మామూలుగా రుచి చూసేది నా జోడీ వంటవాడు. ఆ పూట వాడు నీళ్ల బండితో పోయాడు.

"తిను" అన్నాడు సాబ్.

గరిటె పెదవి దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

మా గూడెంలో కొత్త మామిడికాయను ఊరి పెద్ద ముందు దేవతకు పెట్టాలి. కొత్త పండుగ అంటాం. అది కాకముందు ఎవరూ కాయ నోట పెట్టరు. పెడితే కీడు తిన్నవాడితో పోదు, ఊరికే తగులుతుంది. అక్కడ పండుగ అయిందో లేదో నాకు తెలియదు. ఉత్తరం రావాలంటే మూడు వారాలు. వండే సంబరంలో ఆ సంగతే మరిచాను.

"తినను సాబ్."

దరువు ఆగిపోయింది. సాబ్ నన్ను చూశాడు, గరిటెను చూశాడు, మిగతా డబ్బాల కోసం మళ్లీ వచ్చి గేటు దగ్గర సర్దుకుంటున్న ఆచ్చిని చూశాడు. "ఆ ముసలామెను ఆపుండ్రి!" ఇద్దరు జవాన్లు తుపాకులతో పరుగెత్తారు.

"ఆమె ఏం జేయలే సాబ్!"

"గట్లయితే తిను."

"తినను."

"ఎందుకు రా? నీకేం ఎరుక? చెప్పు!"

కారణం చెప్పకుండా గరిటెనే చూస్తూ నిలబడ్డాను. ఎందుకో చెబుతాను. సైన్యంలో చేరి తొమ్మిదేళ్లు, మా గూడెం కట్టుబాట్లు ఒక్కడికీ చెప్పలేదు. అడివోడని నవ్వుతారని భయం. ఆ భయంతో నేను నోరు మూసుకోవడం ఇప్పుడు ఒక ముసలమ్మ మెడకు చుట్టుకుంటోంది. ఆమె రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. చంకలోంచి డబ్బా జారి దొర్లుతూ పోయింది.

అప్పుడు చెప్పేశాను. వచ్చీరాని హిందీలో పండుగ, దేవత, ఊరి పెద్ద, అంతా. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. సాబ్ నవ్వలేదు, నమ్మలేదు కూడా. "వండేటప్పుడు యాదికి రాలేదా?"

"వండొచ్చు సాబ్. తినొద్దు."

సిగ్నల్‌మన్ ఇదంతా ఆచ్చికి అరవంలో చెప్పాడు. ఆమె చేతులు దించింది. తుపాకుల మధ్య నుంచి విసవిసా నడిచి వచ్చి, నా చేతిలో గరిటె లాక్కుంది. పప్పు ఉన్న పెద్ద గిన్నె, డేగిసాలో ముంచి, ఊదుకుని, అందరూ చూస్తుండగా గుటగుటా తాగింది. ఆమె మొహం ఒక్కసారిగా ముడుచుకుంది. సాబ్ చెయ్యి నడుము దగ్గరి పిస్తోలు మీదికి పోయింది.

"ఉప్పు!" అని అరిచింది ఆచ్చి. "ఉప్పు ఇల్లై!"

అనువాదం అక్కర్లేకపోయింది. ఉప్పు వాళ్లకూ ఉప్పే. రుచి చూడకుండా వండిన మొనగాణ్ణి, ఉప్పే వేయలేదు! పోస్ట్ అంతా ఘొల్లుమంది. బస్తాల మీద కాపలా ఉన్నవాడు కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. సాబ్ ఆచ్చికి నమస్కారం చేసి, దొర్లిపోయిన డబ్బాను తానే తెచ్చి ఇచ్చాడు.

కానీ రూలు రూలే. వంటవాడు తినాలి. సాబ్ మీసం దువ్వుకుంటూ అడిగాడు. "ఆ పూజ ఎవరు జేయాలె?"

"ఊరి పెద్ద, సాబ్."

"నలభై మందిమి ఉన్నం. పొయ్యి ఒక్కటే. ఇది ఊరు కాదా?"

"అవ్ సాబ్, ఊరే."

"మరి పెద్ద ఎవరు?"

"మీరే సాబ్."

"ఏమేం కావాలె?"

"కాయ, పసుపు, బియ్యం... కోడి."

"కోడి ఏడ దొరుకుతది రా ఈడ?"

నసుగుతూ అన్నాను, "గుడ్డు పొడి డబ్బా ఉంది సాబ్."

ఆయన మీసం కదిలింది. "పట్టుకరా. మీ దేవత నవ్వుకుంటది గానీ కోప్పడదు."

బూట్లు విప్పి, టోపీ తీసి, మా ఊరి దిక్కుకు తిరిగి ఆ గఢ్వాలీ పెద్దమనిషి పొయ్యి పక్కన నేల మీద పసుపు రాశాడు. కాయ కోశాడు. మొదటి ముక్క నేలకు, రెండోది అందరిలో పెద్దదని ఆచ్చికి, మూడోది నాకు. ఆ పులుపుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పులుపుకే అనుకోండి. నేను పప్పులో ఉప్పు కలిపి, గరిటెడు తిని, గంట కొట్టాను. డేగిసా అడుగు గీకిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పద్దెనిమిది రోజులకు మా బామ్మర్ది ఉత్తరం వచ్చింది. "బావా, కొత్త పండుగ మంచిగ జేసినం. మేం మామిడికాయ తినబట్టి పది దినాలాయె. నీ వాటా ముక్క ఎండబెట్టి అత్తమ్మ చూరుకు కట్టింది." వాడికి అత్తమ్మ అంటే మా అమ్మ. తేదీ చూస్తే మా పప్పు రోజు కంటే ముందే రాశాడు! సాబ్‌కు చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. "అంటే ఉత్తపుణ్యానికి నా జవాన్లను ఎండల నిలబెట్టినవ్!" ఆచ్చి అయితే గేటు బయట నుంచే నన్ను చూసి "ఉప్పు, ఉప్పు" అని కేకేసేది, మేం ఆ పోస్ట్ వదిలే దాకా.

ఆ తర్వాత ఇంకో పదకొండేళ్లు వండాను. కొత్త జవాను లంగర్‌లో అడుగు పెట్టగానే పళ్లెం ఇవ్వకముందే అడిగేవాణ్ణి, "తమ్మీ, నువ్వు ఏం తినవు? ఏ దినం తినవు?" అని. సిగ్గుపడి నసిగేవాళ్లకు ముందు నా పప్పు కథ చెప్పేవాణ్ణి. అప్పుడు వాళ్లే నోరు విప్పేవాళ్లు. వండేవాడికి చేతిరుచి ఒక్కటే చాలదు, తినేవాడి ఊరు కూడా తెలియాలి. తన ఊరు దాచుకున్నవాడు ఎదుటివాడి ఊరు ఏం అడుగుతాడు?

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ పెరట్లో కాయ ఏటేటా విరగకాయాలి. మొదటి ముక్క కోసే పెద్ద చెయ్యి, దాన్ని అందుకునే చిన్న చెయ్యి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. దూరాన ఉన్నవాళ్ల వాటా మీ చూరుకు వేలాడాలి, వాళ్లు వచ్చి తినాలి. మీ పప్పులో ఉప్పు సరిపోవాలి.